బెన్నీ ముఖం ఎక్కడ?

నటుడికి జాతి లేదంటారు, మతం లేదంటారు. ఎవరి వేషమైనా కట్టగలవాడే నటుడంటారు. మంచిదే. ఆ స్వేచ్ఛ ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదే మా ప్రశ్న.

హాలీవుడ్ సహాయ నటుడు జె. కరోల్ నైష్‌ని చూడండి. 1896లో న్యూయార్క్‌లో పుట్టాడు. ఐరిష్ సంతతి. 1973లో చనిపోయేదాకా తెరమీద ఆయన కాని మనిషి లేడు. 'లైవ్స్ ఆఫ్ ఎ బెంగాల్ లాన్సర్'(1935)లో వజీరు. 'చార్జ్ ఆఫ్ ద లైట్ బ్రిగేడ్'(1936)లో సుబేదార్ మేజర్ పూరణ్ సింగ్. 'బ్యాట్‌మన్' సీరియల్(1943)లో జపాన్ గూఢచారి. 1954లో ఆదివాసీ నాయకుడు సిట్టింగ్ బుల్. 1957లో టీవీలో చైనా డిటెక్టివ్ చార్లీ చాన్. ఐరిష్ వేషాలు మాత్రం అరుదు.

ఆ 'బెంగాల్ లాన్సర్'లో విలన్ పేరు మహమ్మద్ ఖాన్. వేసింది కెనడాలో పుట్టిన డగ్లస్ డంబ్రిల్. ఖాన్ అంటే క్రూరత్వం అని లోకానికి చెప్పిన ఆ ముఖం మాది కాదు. నింద మాత్రం మాది.

నైష్ ప్రతిభని మేము కాదనం. 'సహారా'(1943)లో ఇటలీ ఖైదీ జుసెప్పెగా ఆయన కంటనీరు పెట్టిస్తాడు. ఆస్కార్ నామినేషన్ కూడా దక్కింది. అదే సినిమాలో టాంబుల్ అనే సూడాన్ ముస్లిం సైనికుడున్నాడు. ఎండిన బావిలోకి దిగి, చుక్క చుక్కా దోసిట పట్టి అందరి దాహం తీరుస్తాడు. నాలుగు పెళ్లిళ్ల సంగతి ఒక అమెరికన్ ఎత్తితే, తనకి భార్య ఒక్కతే అంటాడు. ఇంకొకరొస్తే ఆమెకి నచ్చదట! మాకు నవ్వూ వచ్చింది, ధైర్యమూ వచ్చింది. ఆ వేషం నల్లజాతి నటుడు రెక్స్ ఇంగ్రామ్‌ది. నైష్ సిట్టింగ్ బుల్ కాగలిగాడు. ఆనాటి హాలీవుడ్‌లో ఇంగ్రామ్‌కి తెల్ల జనరల్ వేషం ఎవరిస్తారు? దారి ఒకవైపే తెరిచి ఉంటే దాన్ని కళాస్వేచ్ఛ అనలేం.

'ఎ మెడల్ ఫర్ బెన్నీ'(1945) ఇంకా నిలదీస్తుంది. ఊరు తరిమేసిన మెక్సికన్ కుర్రాడు బెన్నీ యుద్ధంలో వీరమరణం పొందుతాడు. ఇప్పుడు ఊరిపెద్దలకి అతను కావాలి. తండ్రి గుడిసె మాత్రం వాళ్లకి నామోషీ. కొత్త ఇంట్లో పెడతారు. సంగతి అర్థమయ్యాక ఆ ముసలాయన తిరిగి తన గుడిసెకే వెళ్లిపోతాడు. పతకం అక్కడికే వస్తుంది. చస్తేగాని దేశభక్తుడు కాని మనిషి కథ ఇది. మాకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ తండ్రి నైషే. రెండో ఆస్కార్ నామినేషన్ దీనికే. ప్రియుడి పాత్రలో నిజమైన మెక్సికన్ నటుడు ఆర్తురో ద కోర్డోవా ఉన్నాడు, కాదనం. కానీ కథకి గుండెకాయ లాంటి దుఃఖాన్ని మోసింది అరువు ముఖం. బెన్నీ అయితే సినిమా మొత్తంలో ఎక్కడా కనిపించడు.

నైష్‌ని దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. ఆయన పూర్వీకుల్నీ 19వ శతాబ్దపు అమెరికన్ రంగస్థలం తాగుబోతులుగా, మొరటువాళ్లుగా చూపించి నవ్వుకుంది. ఒకప్పుడు వెక్కిరింతకి గురైన జాతి బిడ్డకి తర్వాత అందరి ముఖాలూ తొడుక్కునే హక్కొచ్చింది. ఆ హక్కు మిగతావాళ్లదాకా రాలేదు. తప్పు మేకప్ డబ్బాది కాదు, పాత్రలు పంచిన చేతులది.

మా గురించి ఎవరూ రాయొద్దు, నటించొద్దు అని మేము అనడం లేదు. మా దుఃఖం తెరమీదికొచ్చినప్పుడు మా మనిషి కూడా రావాలంటున్నాం. మా మనిషి ఇంకెవరి దుఃఖాన్నైనా నటించగలగాలి. రెండూ జరిగిన రోజున నటుడికి జాతి లేదన్న మాట మేమూ నమ్ముతాం.