మొదటి మునక ఏ నీళ్లలో?

మా గురజాల వైపు పల్లెల్లో పిల్లవాడికి ఈత నేర్పాలంటే పెద్దవాళ్లు ముందు బావిని ఎంచేవాళ్లు. ఊరి చుట్టూ నాలుగైదు బావులున్నా మేమంతా ఒక్క బావిలోనే నేర్చుకున్నాం. దాని నాపరాతి మెట్లు నీళ్ల లోపలిదాకా దిగేవి. అడుగున ఊబి లేదు. సంక్రాంతి దాటాక నీళ్లు తేరుకుని, మునిగిన మెట్లు కూడా పైనుంచే కనపడేవి. వీపుకి ఎండు సొరకాయ బుర్ర కట్టి మా మేనమామ నన్ను దింపింది అక్కడే. ఊరవతల ఇంకా పెద్ద బావి, ఇంకా చల్లటి నీళ్లు ఉండేవి. అటు వెళ్దామంటే, "అది ఈత వచ్చినోళ్ల బావిరా" అనేవాడు మామ.

పోయిన నెల నరసరావుపేట నుంచి మా అన్న కూతురు వచ్చి, "బాబాయ్, స్కూబా నేర్చుకుందామనుకుంటున్నా. మొదటిసారికే అండమాన్ వెళ్లనా, వైజాగ్ చాలా?" అని అడిగినప్పుడు ఆ బావే కళ్ల ముందు మెదిలింది.

నా మొదటి మునక సరైన చోట జరగలేదు. ఆ ఊరి పేరు చెప్పను. పడవనిండా జనం, శిక్షకులు ఇద్దరే. పది నిమిషాల్లో నాలుగు మాటలు చెప్పి, వీపుకి సిలిండరు కట్టి వరసగా నీళ్లలోకి దింపారు. కింద ఏం చూశానో ఇప్పటికీ గుర్తులేదు. చెవుల్లో పోటు, గుండె దడ మాత్రం గుర్తున్నాయి. చిన్నప్పటి అలవాటు కొద్దీ ఊపిరి బిగపట్టాను. దగ్గుకుంటూ పైకొచ్చి, మళ్లీ కొన్నేళ్లపాటు సముద్రంలో దిగలేదు.

ఊపిరి బిగపట్టడమే బావి ఈతగాడి విద్య. ఎంతసేపు బిగబడితే అంత మొనగాడు. స్కూబాలో అదే ప్రాణాంతకం. నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణమంత ఒత్తిడి తోడవుతుంది. బావిలో మునిగినప్పుడు మనం గట్టు మీద పీల్చిన గాలే ఛాతీలో ఉంటుంది, లోపల నలిగి, పైకొచ్చాక మళ్లీ మునుపటంత అవుతుంది. సిలిండరు గాలి అలా కాదు. దాన్ని ఆ లోతులోనే, ఆ ఒత్తిడి దగ్గరే పీలుస్తాం. 10 మీటర్ల దగ్గర నిండుగా పీల్చి, బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు చిట్లొచ్చు. అందుకే ఎక్కడా ఆపకుండా పీలుస్తూ, వదులుతూ ఉండాలన్నది మొదటి పాఠం. బావుల్లో, కాలువల్లో పెరిగిన మనవాళ్లకు ఇది కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం. ఒంటికి పట్టిన పాత విద్యను వదిలించుకోవాలి.

అందుకే చేపల రంగులు చూసి ఊరిని ఎంచుకోవద్దన్నాను మా అమ్మాయితో. ముందు కాళ్లు ఆనే నీళ్లలో గంటో, పూటో ఊపిరి సాధన చేయిస్తారా? ముక్కు మూసి చెవుల్లోకి మెల్లగా గాలి ఊదడం గట్టు మీదే నేర్పుతారా? నీ పక్కన ఒక మనిషి నీ కోసమే ఉంటాడా? ఉబ్బసం, గుండె, చెవుల సంగతి అడిగే కాగితం చేతికిస్తారా? ఇవి అడగమన్నాను. జలుబుతో వెళ్తే "ఈ రోజు వద్దమ్మా" అని వెనక్కి పంపగల శిక్షకుడున్న చోటే నాకు నమ్మకం.

భాష కూడా చూసుకోవాలి. నీళ్లలో మాట లేదు, చేతి సైగలే. బొటనవేలు పైకెత్తితే మనకు బాగుందని అర్థం, అక్కడ మాత్రం పైకి పోదామని. బాగున్నానని చెప్పడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. దిగేముందు ఇలాంటివి సొంత భాషలో విని, తిరిగి అడిగి రూఢి చేసుకోగలిగితే సగం భయం పోతుంది. వైజాగ్ రుషికొండలో నాకు దొరికింది అదే. రెండోసారి అక్కడ దిగాను, తెలుగులో చెప్పారు, నేను సరేననేదాకా చెప్పారు. నీళ్లు అండమాన్ అంత తేటగా లేవు. గోదావరి, కృష్ణ మట్టి మోసుకొచ్చే బంగాళాఖాతం అది. వానలూ తుఫాన్లూ దాటాక, చలికాలం చివర వెళ్లడం మేలు. ఆ రోజు బండరాళ్ల మధ్య చేపలకన్నా నా బుడగల చప్పుడే ఎక్కువ విన్నాను. అంత నెమ్మదిగా నేనెప్పుడూ ఊపిరి తీసుకోలేదు.

అండమాన్ అందం వేరు, కాదనను. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. అక్కడి నుంచి పడవలో స్వరాజ్ ద్వీప్ చేరితే, తేట నీళ్లలో పగడపు దిబ్బలు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి తెలుగుకూ కొదవలేదు. కానీ వారం చేతిలో ఉంటేనే వెళ్లాలి. పలుమార్లు మునిగాక 18 గంటలైనా గడవకుండా విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నత్రజని బయటకు పోవడానికి అంత సమయం కావాలి. మూడు రోజుల సెలవు పెట్టి పరుగున వెళ్లొస్తానంటే నేను ఒప్పుకోను. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి కూడా మంచిదే. వానాకాలంలో మాత్రం అటు పడవలు కదలవు.

"మరి మన నాగార్జునసాగర్, బాబాయ్? అడుగున విజయపురి ఉంది కదా!" అంది.

ఆ కోరిక నాకూ ఉంది. అనుపులో నిలబడ్డప్పుడల్లా ఇక్ష్వాకుల రాజధాని ఆ నీళ్ల కిందే ఉందని ఒళ్లు పులకరిస్తుంది. జలాశయం నిండకముందే తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ, అనుపుకీ తరలించారు. మిగిలిన లోయంతా మునిగింది. అయినా అది మొదటి మునకకు చోటు కాదు. ఒండ్రు పేరుకున్న అడుగున ఒక్కసారి కాలు ఆడిస్తే చాలు, నీళ్లు మసకబారి చెయ్యి కనపడదు. సాగర్ కుడి కాలువ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ వడికి, జారే ఆ గట్లకి ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరాయో మాచర్ల నుంచి పేట దాకా అందరికీ తెలుసు.

ఆమె వైజాగే ఖాయం చేసుకుంది. ఫిబ్రవరిలో పిడుగురాళ్లలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతుంది. మొదట 12 మీటర్లు దాటని పరిచయపు మునక. నచ్చితే వేసవిలోపు అండమాన్‌లో కోర్సు, దానితో 18 మీటర్ల దాకా దిగొచ్చు. వెళ్లేముందు మా పాత బావి చూస్తానంటే తీసుకెళ్లాను. బోర్లు పడ్డాక ఊట ఇంకిపోయింది. నాపరాతి మెట్ల సందుల్లో గడ్డి మొలిచింది. మునిగి అడుగు తాకామని రుజువుకు గుప్పెట్లో మన్ను తెచ్చి చూపించేవాళ్లమని చెప్పాను.

"నేనూ తేనా బాబాయ్, సముద్రం అడుగు నుంచి?"

"వద్దు తల్లీ. అక్కడ దేన్నీ ముట్టుకోకు. వట్టి చేతులతో రా."