పద్దెనిమిది దాటాక

ఆటిజం ఉన్న బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండుతున్నాయంటే ఆ ఇంట్లో దిగులు మొదలవుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత చదువును హక్కుగా ఇచ్చింది. ఆ హక్కు ఆరో ఏట మొదలై పద్దెనిమిదితో ఆగిపోతుంది. కొందరు ఓపెన్ స్కూల్లో పదో తరగతి, ఇంటర్ గట్టెక్కుతారు. చాలామంది ఇంటికే పరిమితమవుతారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ బీరువాలో ఉంటుంది, పింఛను వస్తుంది, పొద్దు మాత్రం గడవదు.

ఇలాంటి యువతకు పని నేర్పడం నా వృత్తి. సూపర్ మార్కెట్లో షెల్ఫు సర్దడమే తీసుకోండి. మనకది ఒక్క మాటతో అర్థమయ్యే పని. నేను నేర్పేటప్పుడు దాన్ని విడదీస్తాను. తేదీ పాకెట్ మీద ఎక్కడుంటుంది? పాత సరుకు ముందుకు, కొత్తది వెనక్కి. చిరిగిన పాకెట్ ఏ బుట్టలో వేయాలి? కొనేవాళ్లు ఏదైనా అడిగితే ఎవరిని చూపించాలి? ఒక్కోదానికి ఒక్కో ఫొటో కార్డు. ఆఖరి కార్డు చాలామంది మరిచిపోతారు: పని అయ్యాక ఏం చేయాలి? అది చెప్పకపోతే కుర్రాడు అక్కడే నిలబడిపోతాడు, చూసినవాళ్లు బద్ధకమంటారు. మొదట పక్కనే ఉంటాను, తర్వాత వెనక వరసలోకి జరుగుతాను, ఆ తర్వాత బయటికొచ్చేస్తాను. నేర్పడం కన్నా తప్పుకోవడమే కష్టం.

"ఈ అబ్బాయి నా మొహం చూసి మాట్లాడడేంటి మేడమ్?" అని ఒక మేనేజరు అడిగాడు. "మీ మొహం చూడడు సార్, బిస్కట్ పాకెట్ మీద తేదీ చూస్తాడు" అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. గడువు దాటిన పాకెట్లు ఆ కుర్రాడి చేతికి చిక్కడం చూశాక మళ్లీ మొహం ఊసెత్తలేదు.

అందరూ ఇలాగే ఉంటారని కాదు. ఒకరికి మిక్సీ మోత భరించరానిది, మరొకరికి వేళ మారితే రోజంతా కుదురుండదు. ఒక్కొక్కరికీ ఏది ఇబ్బందో తెలుసుకుని పని అమర్చాలి. ఇక సర్కారు కొలువుల మాటకొస్తే, మొదట చెప్పిన 2016 చట్టమే ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అందులో ఒక్క శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం ఉన్నవారంతా పంచుకోవాలి. రాతపరీక్ష, ఇంటర్వ్యూ దాటలేని వాళ్లకు అదీ అందదు. శిక్షణ సంగతి చూస్తే, సికింద్రాబాద్‌లో మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచీ ఉంది. అలాంటిది ఒక్క చోట ఉంటే సరిపోదు. పని నేర్పేవాళ్లు ప్రతి జిల్లాలో కావాలి.

తల్లిదండ్రులకు నా మాట: పద్దెనిమిది దాకా ఆగకండి. పద్నాలుగో ఏటి నుంచే బట్టలు మడత పెట్టడం, చిల్లర లెక్క, ఒంటరిగా బస్సెక్కడం నేర్పండి. దుకాణం, ఆఫీసు నడిపేవాళ్లకు మరో మాట: ఇంటర్వ్యూలో తేల్చకండి, ఓ వారం పని ఇచ్చి చూడండి. చేయాల్సింది రాసివ్వండి, ఏది ఎప్పుడు మారుతుందో ముందే చెప్పండి. అన్నిటికన్నా ముఖ్యం, జాలితో ఇచ్చే బహుమతి వద్దు. పక్కవాడికిచ్చే జీతమే ఇవ్వండి.