డొమినో దొర గారి రాళ్ళకోట

ఈ వారం నాకు ఒళ్ళు మండించింది ఒక సలహా. విశాఖలో ఉండే మా మేనల్లుడి ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది. నాలుగడుగుల ట్యాంకు, సగానికి పైగా రాళ్ళగుట్ట. ఆ గుట్టలో ఒక డొమినో మకాం వేసింది. నల్లటి చేప. నుదుట ఒక తెల్లచుక్క, ఒంటికి అటొకటి ఇటొకటి. చూడ్డానికి బుద్ధిమంతురాలే. కానీ క్లౌన్ చేపల జంటను మేత దగ్గరికి రానివ్వదు, తోకలు పీలికలు చేసేసింది. పట్టి ఇచ్చేద్దామంటే చిక్కదు. "రాళ్ళన్నీ పీకి బయట పడెయ్, పది నిమిషాల పని" అన్నాడట వాడి స్నేహితుడు. "నువ్వేమంటావు మావయ్యా?" అని ఫోను.

ప్రెషర్ కుక్కర్ని, మూడో రోజుకే జాడీ మూత తీసే ఆవకాయని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు తిట్టానో పాత పాఠకులకు తెలుసు. నా జవాబు మీరు ఊహించే ఉంటారు. రాయి కదపకు, మావు పెట్టు అన్నాను.

మావు చూడనివాళ్ళ కోసం చెబుతాను. సన్నటి వెదురుపుల్లలతో అల్లిన పొడుగాటి బుట్ట. మూతి దగ్గర పుల్లలు లోపలికి వాలి ఉంటాయి. దూరేటప్పుడు ఒరుసుకుంటూ దారిస్తాయి, తిరిగొచ్చేటప్పుడు మొనలు ముఖానికి గుచ్చుకుంటాయి. తొలకరి వానలకు చేప ఎదురెక్కుతుంది. మా తాత బోదె గట్టుకి చిన్న గండి కొట్టి, నీళ్ళు జారేచోట మావు మూతిని దిగువకు పెట్టేవాడు. కొత్త మావునైతే ముందు చెరువులో నానేసేవాడు, పచ్చి వెదురు వాసన పోవాలని. రెండు పక్కలా మట్టి మెత్తి, పైన తుంగ కప్పి వచ్చేశాక ఇక తెల్లారేదాకా అటు వెళ్ళకూడదు. నేను వెళ్తానంటే చెవి మెలిపెట్టేవాడు. పొద్దున్నే మావు ఎత్తితే లోపల టపటపమని చప్పుడు. తోక దగ్గరి కట్టు విప్పి గంపలోకి దులిపేవాడు. ఇంగిలాయిలు, బొమ్మిడాయిలు, మట్టగిడసలు. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే సాయంత్రం దాకా సలపరమే. అందుకని దాన్ని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. వల విసిరేవాళ్ళంటే ఆయనకు చులకన. అది చేపలు పట్టడం కాదు, నీళ్ళను కొట్టడం అనేవాడు.

ఆ మాటకి శాస్త్రం కూడా ఉంది. చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. నీళ్ళ కదలికను అది పసిగడుతుంది. వల ఇంకా జానెడు దూరంలో ఉండగానే డొమినో సందులోకి జారుకోవడానికి అదొక కారణం. తొందరపాటు ఎక్కడిదాకా పోతుందంటే, పగడాల సందుల్లోంచి చేపల్ని లాగలేక ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి సైనైడ్ చిమ్మారు. చేప మత్తుగా తూలుతూ బయటికొస్తుంది, చుట్టూ ఉన్న పగడం చస్తుంది.

మేనల్లుడు బుద్ధిగా నీళ్ళసీసా మెడ కోసి, తిరగేసి దూర్చి, లోపల రొయ్యముక్క వేసి ట్యాంకులో పెట్టాడు. అచ్చం మావే. దాంట్లో పడ్డది క్లౌన్ చేప! మర్నాడూ అదే. డొమినో బయట కాపలా తిరిగింది. అలవాటు పడనీ, మిగతా మేత ఆపు, ఇంకో వారం ఆగు అని నేను చెప్పబోతుండగా వాడన్నాడు: "మావయ్యా, మేత ఆపితే ముందు పోయేది తోకలు చిరిగినవి."

నిజమే. బోదెలో చేపకు ఎగువకు పోవాల్సిన అవసరం ఉంది. మావు దాని దారిలో కూర్చుంటుంది. ట్యాంకులో డొమినోకి ఎక్కడికీ పోనక్కర్లేదు. పైగా మా తాత ఎన్ని రాత్రులు ఆగినా ఆ ఆగడం వల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇక్కడ నా ఓపికకు వేరేవాళ్ళ తోకలు తెగుతున్నాయి. పీకెయ్ అన్నాను. ఆదివారం నేనూ వెళ్ళాను.

పది నిమిషాల పని కాదు, పూటంతా పట్టింది. నీళ్ళు పారబొయ్యకుండా డ్రమ్ముల్లోకి తోడాలి. రాళ్ళను అదే నీళ్ళున్న టబ్బుల్లో పెట్టాలి, ఆరితే వాటి రంధ్రాల్లోని బాక్టీరియా చచ్చి, ట్యాంకు మళ్ళీ మొదటికొస్తుంది. (రాళ్ళు సముద్రం నుంచి తెచ్చినవి కావు, పింగాణీవి. మన దేశంలో పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి.) అడుగున బెత్తెడు నీళ్ళు మిగిలినా డొమినో జాడ లేదు. అప్పటికి తీసిన రాళ్ళనే ఒక్కోటి మళ్ళీ ఎత్తి చూశాం. ఒకదాని బొక్కలో, రెక్కముళ్ళు నిగడదన్ని, బిరడాలా బిగుసుకుని ఉంది. రాయిని బకెట్ మీద వంచి పట్టుకుంటే కాసేపటికి తనే జారిపడింది. వల తడవనే లేదు.

షాపతను దాన్ని సంతోషంగా వెనక్కి తీసుకున్నాడు. కొత్త ట్యాంకులో వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది, దాన్ని తినే బాక్టీరియా రాళ్ళలో స్థిరపడడానికి వారాలు పడుతుంది. అంతవరకు తట్టుకునే గట్టిపిండం కాబట్టి డొమినోనే ముందు అమ్ముతారు. ముందొచ్చింది గనక గుట్టంతా తనదే అనుకుంటుంది. మేమింకా అక్కడ ఉండగానే ఎవరో కొత్త ట్యాంకాయన "మొదట ఏ చేప వెయ్యాలి?" అని అడుగుతున్నాడు. చేపేమీ వద్దండీ, ఒక పచ్చి రొయ్య వేసి కుళ్ళనివ్వండి, ఆ అమ్మోనియా చాలు అన్నాను. వాసనొస్తుందా అన్నాడు. వస్తుందన్నాను. ఆయన డొమినోనే కొనుక్కున్నాడు.