డాన్స్ చేయించే కేబుళ్లు

2007లో అమెరికాలో ఒక స్పీకర్ కేబుల్ మీద గొడవ జరిగింది. పేర్ అనే కంపెనీవాళ్ల 'అంజూ' కేబుల్ అది. పన్నెండడుగుల జత ధర 7,250 డాలర్లు. ఒక సమీక్షకుడు దాన్ని ఎంత మెచ్చుకున్నాడంటే, డాన్స్ చెయ్యాలనిపించే కేబుల్ అనేశాడు. పాట కాదు, కేబుల్! మహిమల గుట్టు రట్టు చెయ్యడంలో పేరుమోసిన మెజీషియన్ జేమ్స్ రాండీ దీన్ని పట్టుకున్నాడు. కళ్లతో చూడకుండా, వట్టి చెవులతో ఈ కేబుల్‌కీ మామూలు కేబుల్‌కీ తేడా చెప్పగలిగితే పది లక్షల డాలర్లిస్తానన్నాడు. మైకేల్ ఫ్రెమర్ అనే ప్రసిద్ధ ఆడియో విమర్శకుడు నేను రెడీ అన్నాడు. తీరా చూస్తే కంపెనీ తప్పుకుంది, పరీక్ష జరగనే లేదు.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఆ 'డాన్స్' అన్న మాట.

ఖరీదైన కేబుళ్ల మీద సమీక్షలు ఓ పది వరసగా చదివి చూడండి. తెర తొలగిపోయింది, నిశ్శబ్దం ఇంకా చిక్కబడింది, గాయని వచ్చి గదిలో కూర్చుంది. ఈ వాక్యాల్లో కేబుల్ పేరు తీసేసి ఇంకో కేబుల్ పేరు పెట్టినా నడుస్తుంది. ఆంప్లిఫయర్ పేరు పెట్టినా నడుస్తుంది. మన కథా సంపుటాల సమీక్షల్లో 'మట్టి వాసన', 'గుండె తడి' ఉంటాయే, అచ్చం అలాగే. ఎదురుగా ఉన్న వస్తువు గురించి ఏమీ తెలీదు, దాని ముందు కూర్చున్న మనిషి పరవశం ఒక్కటే తెలుస్తుంది.

అలాగని కేబుళ్లన్నీ ఒకటే అనెయ్యడం కూడా బద్ధకమే. తీగకి నిరోధం ఉంటుంది. 16 గేజ్ రాగి తీగ, అంటే సుమారు 1.3 మిల్లీమీటర్ల మందం, మీటరుకి 0.013 ఓమ్‌లు. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కి 3 మీటర్లనుకుంటే, రానూ పోనూ 6 మీటర్లకి 0.08 ఓమ్‌లు. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది ఒక్క శాతం. శబ్దంలో తగ్గేది డెసిబెల్‌లో పదో వంతు కూడా ఉండదు. అదే అర మిల్లీమీటరుండే 24 గేజ్ తీగయితే అంతే దూరానికి అర ఓమ్ అవుతుంది. పైగా స్పీకర్ ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు. ఒకచోట 3 ఓమ్‌లుండి, ఇంకోచోట 20 ఉంటే, ఆ సన్నతీగ మొదటిచోట శబ్దాన్ని ఒక డెసిబెల్‌కి పైగా ఎక్కువ తగ్గిస్తుంది. అది చెవికి తెలియొచ్చు. 1983లో స్టీరియో రివ్యూ పత్రిక చేసిన పరీక్షలో, పింక్ నాయిస్ అనే హోరు వినిపించినప్పుడు శ్రోతలు ఇలాంటి సన్నతీగని పట్టుకోగలిగారు కూడా.

కాబట్టి దళసరి రాగి తీగ వాడాలి. అది ఎలక్ట్రికల్ షాపులో మీటర్ల లెక్కన దొరుకుతుంది. అసలు పేచీ ఆ మెట్టు దాటాక మొదలవుతుంది. అక్కణ్ణుంచి ధర వంద రెట్లు పెరిగినా, మీటరు మీద చూపించడానికి పెద్దగా ఏమీ మిగలదు. మిగిలేది సమీక్షే.

ఇంట్లో కేబుల్ మార్చి వినేవాళ్లు మామూలుగా ఏం చేస్తారు? ఆంప్లిఫయర్ ఆపి, సోఫా జరిపి, పాతది పీకి, కొత్తది బిగించి, వచ్చి కూర్చుంటారు. ఈలోపు ఐదు నిమిషాలు గడిచిపోతాయి. విన్న శబ్దం తాలూకు సూక్ష్మమైన జ్ఞాపకం కొన్ని సెకన్లకే చెదిరిపోతుంది. పైగా కూర్చునే చోటు కాస్త మారినా చెవికి చేరే శబ్దం మారుతుంది. వాల్యూమ్ పిసరంత పెరిగితే 'పెరిగింది' అనిపించదు, 'బాగుంది' అనిపిస్తుంది. అన్నిటికీ మించి, లక్షన్నర పోసి కొన్నానన్న సంగతి మనసులో మోగుతూనే ఉంటుంది.

నిజంగా తేల్చుకోవాలంటే దారి ఉంది. మల్టీమీటర్‌తో స్పీకర్ దగ్గర వోల్టేజీ కొలిచి, రెండు కేబుళ్లకీ తేడా ఒక శాతం లోపు ఉండేలా సరిచెయ్యాలి. ఒక ఫ్రెండ్ ప్రతిసారీ బొమ్మాబొరుసూ వేసి, ఏది పడితే ఆ కేబుల్ తగిలించాలి. అదే కేబుల్ మళ్లీ పడినా పీకి పెట్టాలి. వినేవాళ్లకి తీగా కనపడకూడదు, తగిలించినవాళ్ల మొహమూ కనపడకూడదు. ఇలా 16 సార్లు. ఊరికే నోటికొచ్చింది చెప్పినా సగం కరెక్టవుతాయి. 12 లేదా అంతకంటే ఎక్కువ అలా కరెక్టయ్యే అవకాశం మాత్రం నాలుగు శాతం లోపే. 12 దాటారా, మీ చెవికి దణ్ణం పెట్టి ఇంకోసారి చేయిస్తాను.

మా ఆఫీసులో యాప్‌లో బటన్ రంగు మార్చాలన్నా సగం మందికి పాతది, సగం మందికి కొత్తది చూపించి లెక్క చూస్తాం. లక్షన్నర తీగకి ఆ మాత్రం పరీక్ష వద్దా?

వద్దనేవాళ్ల వాదన ఒకటుంది. పరీక్షలో కూర్చుంటే టెన్షన్‌లో చెవి సరిగ్గా పనిచెయ్యదు, నెలల తరబడి తీరిగ్గా వింటేనే తేడా తెలుస్తుంది అంటారు. ఇందులో కొంత న్యాయం ఉంది. పరీక్షలో తేడా దొరకనంత మాత్రాన తేడా లేదని రుజువైపోదు. కానీ 'రాత్రికి రాత్రి తెర తొలగిపోయింది' అని రాసినవాళ్లు, తెర అడిగేసరికి 'నెలలు పడుతుంది' అంటే ఎలా? స్టీరియోఫైల్ పత్రికని 1962లో మొదలుపెట్టిన జె. గోర్డన్ హోల్టే చివరి రోజుల్లో ఒప్పుకున్నాడు, ఇలాంటి పరీక్షలకి మొహం చాటేసే ఈ రంగం పరువు పోగొట్టుకుందని.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా, మనకెందుకు అని వదిలెయ్యొచ్చు. నాకు వదలబుద్ధి కాకపోవడానికి కారణం వేరే ఉంది. 'నాకేం తేడా వినపడలేదండీ' అన్నవాడికి ఆ లోకంలో దొరికే జవాబు చూడండి: నీ సిస్టమ్ సరిపోదు, లేదా నీ చెవి ఇంకా తయారవలేదు. ఈ జవాబు మనకి కొత్తా? ఒక కవిత అర్థం కాలేదని నోరు తెరిచిన కుర్రాడికి 'నీకింకా ఆ స్థాయి రాలేదు' అన్నవాళ్లని మనం చూడలేదా? ఆ కుర్రాడు రెండోసారి అడగడు. వినపడినట్టు తలూపడం నేర్చుకుంటాడు. ఇంకొన్నాళ్లకి అవే మాటలతో తనే సమీక్షలు రాస్తాడు.

కవితకి బొమ్మాబొరుసూ పరీక్ష పెట్టలేం, పెట్టక్కర్లేదు కూడా. ఎవరు రాశారు, ఎప్పుడు, ఏ ఊళ్లో ఉండి రాశారు అన్నవి కవితలో భాగమే, వాటిని దాచి చదివితే కొంత పోతుంది. తీగకి అలాంటి చరిత్ర ఏమీ లేదు. కరెంటు మోసుకెళ్లడమే దాని పని. కానీ రెండిటి సమీక్షకుల్నీ ఒకే ప్రశ్న అడగొచ్చు. తెర తొలగిందంటున్నారు కదా, ఏ పాటలో, ఎన్నో నిమిషం దగ్గర? గుండె తడిసిందంటున్నారు కదా, ఏ పేజీలో, ఏ వాక్యం దగ్గర? చోటు చూపిస్తే మనమూ వెళ్లి వింటాం, చదువుతాం. వాళ్లతో ఒప్పుకుంటాం, లేదా పోట్లాడతాం. చోటు చూపించకుండా పరవశం మాత్రం చూపిస్తే, మనకి మిగిలేది తలూపడమే.