క్యాలెండరు మీద మూడు గుర్తులు

సింగరాయకొండలో మా వెనకింట్లో ఉండే అక్క దగ్గర ఒక వెంకట్రామా క్యాలెండరు ఉండేది. తేదీల గళ్ళలో ఆమె మూడు రకాల గుర్తులు పెట్టుకునేది. తంగుటూరు వైపు పొగాకు గ్రేడింగుకు పోయిన రోజున ఒక అడ్డగీత. నాటకం ఒప్పుకున్న రోజు చుట్టూ సున్నా. అక్కడక్కడా, పెన్ను గుచ్చి వదిలినట్టు, ఒక చుక్క. "గీతలు కూలి లెక్కకు. సున్నాలు బయానా ఇచ్చినోళ్ళను మర్చిపోకుండా" అని చెప్పింది. మరి చుక్కలేందక్కా అంటే "పోయి చదువుకో పో" అని నెత్తిన మొట్టింది. హార్మోనిస్టు ఇంటికొచ్చిపోయిన రోజులవి అని అర్థం కావడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది.

చాలా ఏళ్ళ తర్వాత, ఏంజెలా డేవిస్ 1998లో తెచ్చిన 'బ్లూస్ లెగసీస్ అండ్ బ్లాక్ ఫెమినిజం' చదువుతుంటే ఆ క్యాలెండరు కళ్ళ ముందుకొచ్చింది. బ్లూస్ అమెరికా దక్షిణాది నల్లవాళ్ళ బతుకులోంచి, పత్తి చేలలోంచి, బట్టలుతికే తొట్టెల దగ్గర్నుంచి వచ్చిన పాట. దాని కట్టుబడి చాలా సాదాగా ఉంటుంది. ఒక మాట అంటారు. అదే మాట మళ్ళీ అంటారు. మూడోసారి దానికి జవాబు లాంటిది చెప్తారు. గొంతు ఆగినచోట గిటారు అందుకుంటుంది. మన బుర్రకథలో వంతలు 'తందాన తాన' అని అందుకున్నట్టే. కాకపోతే అక్కడ చాలాసార్లు కథా, వంతా ఒకే మనిషి చేతుల్లో ఉంటాయి.

మా రెయినీ, బెస్సీ స్మిత్ లాంటి 1920ల నాటి గాయనుల పాటల్ని డేవిస్ ఆ పుస్తకంలో వరసగా చదువుతుంది. బానిసత్వం పోయినా నల్లవాళ్ళకు కూలి బతుకు పెద్దగా మారలేదు. నిజంగా చేతికందిన స్వేచ్ఛల్లో ముఖ్యమైనవి ఊరు దాటి పోగలగడం, తమకిష్టమైన మనిషిని తామే ఎంచుకోగలగడం. అందుకే ఆ పాటల నిండా రైళ్ళూ, ప్రేమలూ ఉన్నాయంటుంది. వాటిలో ఇల్లాలూ, తల్లీ చాలా తక్కువగా కనిపిస్తారన్నది ఆమె చేసిన మంచి పరిశీలన. 1928లో బెస్సీ స్మిత్ చాకలిపని చేసే ఆడమనిషి గురించి ఒక బ్లూస్ రికార్డు ఇచ్చింది. అదే ఏడు మా రెయినీ ఆడవాళ్ళను ప్రేమించే ఆడమనిషి గొంతుతో ఇంకొకటి ఇచ్చింది. పని, ప్రేమ, పాట మూడూ 'నేను' అనే ఒక్క మాట కిందికి వచ్చిన సాహిత్యం అది.

మా అక్క క్యాలెండరులోనూ ఆ మూడూ ఒకే కాగితం మీద ఉన్నాయి. అయితే అది పాట కాలేదు. ఎందుకు కాలేదన్నదే నా ప్రశ్న. 'ఇదిగో మన బ్లూస్' అని చూపించే ఉత్సాహం నాకు లేదు. మిసిసిపీలో పత్తి ఉంది, గుంటూరు ప్రకాశంలోనూ పత్తి ఉంది అని ముడేసినంత మాత్రాన కులమూ జాతీ ఒకటైపోవు.

ముందు 'పార్ట్ టైమ్' అనే మాట సంగతి చూద్దాం. సంగీతం గురించి రాసే మగవాళ్ళు ఈ మాటను కొంచెం మురిపెంగా వాడతారు. పగలు ఉద్యోగం, రాత్రి కచేరీ, మధ్యలో ప్రేయసి. మూడు బంతులు గాల్లోకి ఎగరేసి పట్టుకునే గారడీ. మా వైపు లెక్క అలా ఉండదు. వర్జీనియా పొగాకు బేరన్లలో కాలి, వేలానికి వచ్చి, గ్రేడింగుకు చేరే నెలలూ, శివరాత్రి నుంచి శ్రీరామనవమి దాటి వేసవి తిరునాళ్ళ దాకా నాటకాలు నడిచే నెలలూ దాదాపు ఒకటే. కందుకూరు వైపో కొండపి వైపో రాత్రి పదింటికి తెర లేస్తే కాటిసీను అయ్యేసరికి కోడి కూస్తుంది. ముఖానికున్న రంగు కొబ్బరినూనెతో తుడుచుకుని, దొరికిన బండెక్కి ఇంటికొచ్చి, అన్నం వండిపెట్టి ఎనిమిదింటికల్లా పొగాకు ముందు కూర్చోవాలి. వానలు పడ్డాక గీతలూ లేవు, సున్నాలూ లేవు. సగం ఏడాది రెండు పనులు మీద పడటం, సగం ఏడాది ఏ పనీ లేకపోవడం. ఇందులో గారడీ ఏముంది? పైగా ఇంటి పని ఆ క్యాలెండరులో ఎక్కనే ఎక్కలేదు. దానికి గుర్తు పెట్టుకోవాలని ఆమెకే తోచలేదు.

ఇక ఆ రాత్రుళ్ళు ఆమె ఏం పాడేదో చూడాలి. ఆమెకు పేరు తెచ్చిన వేషం చంద్రమతి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకాన్ని నేను చిన్నప్పుడు పందిట్లో చాపమీద కూర్చుని చూశాను, పెద్దయ్యాక పుస్తకంగా చదివాను. చదివినప్పుడే గమనించిన సంగతి ఒకటుంది. మొగుడు అప్పు తీర్చడానికి కాశీలో పెళ్ళాన్ని అమ్ముతాడు. ఆమె కాలకౌశికుడి ఇంట్లో దాసీపనికి కుదురుతుంది. అంటే చంద్రమతి కూడా పగలు కూలికి పోయే ఆడమనిషే. మా అక్క పగలంతా కూలి చేసి, రాత్రి మళ్ళీ కూలి చేసే ఆడదాని వేషం కట్టేది. కానీ ఆ నాటకంలో పని ఎలా ఉంటుందో చంద్రమతి నోట వినబడదు. వినబడేది పాతివ్రత్యం, పుత్రశోకం. కాటిసీనులో హరిశ్చంద్రుడికి మాత్రం నాటకంలో పద్యాలు చాలవన్నట్టు జాషువా 'శ్మశానవాటి' పద్యాలు కూడా తెచ్చిపెట్టారు. దళిత కవి రాసుకున్న గొప్ప పద్యాలు రాజుగారి నోట పలికి వన్స్ మోర్‌లు కొట్టించుకుంటాయి. నోట్లు గుచ్చేదీ ఆయన కండువాకే. చచ్చిపోయిన పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని చంద్రమతి ఆ వన్స్ మోర్ అయ్యేదాకా కూర్చోవాలి.

అంటే మన రంగస్థలం ఆడవాళ్ళకు గొంతు ఇచ్చింది గానీ ఆ గొంతులో వాళ్ళ సంగతి పెట్టనివ్వలేదు. 'చింతామణి' విషయమూ అంతే. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించినప్పుడు నేను చదివిన చర్చ అంతా సుబ్బిశెట్టి పాత్ర చుట్టూనే తిరిగింది. చింతామణి వేషం కట్టి ఇల్లు నడుపుకునే ఆడవాళ్ళు రేపట్నుంచి ఏం చేస్తారన్నది అందులో నాకు కనబడలేదు.

బుర్రకథ దీనికి భిన్నం కదా అంటారు. కొంత నిజమే. 1943లో మొదలైన ప్రజా నాట్యమండలిలో మోటూరి ఉదయం గారి దళంతో ఆడవాళ్ళే కథకురాళ్ళుగా, ఆడవాళ్ళే వంతలుగా వేదికనెక్కారు. ఆ రోజుల్లో అదెంత తెగింపో ఇప్పుడు ఊహించడం కష్టం. అయినా వాళ్ళు చెప్పిన కథలు వీరులవి, కరువులవి, పోరాటాలవి. చెప్పే మనిషి ఆ ఉదయం ఏం వండి వచ్చిందో, ఎవరిని వదిలి వచ్చిందో కథలోకి రాదు. అందుకోసం మనం పాట నుంచి పుస్తకాల్లోకి వెళ్ళాల్సి వచ్చింది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణా పోరాటపు ఆడవాళ్ళు మాట్లాడాక గానీ, పోరాటం ఆగాక తమను ఇళ్ళకు పొమ్మన్నారన్న సంగతి బయటికి రాలేదు. పాతికేళ్ళ తర్వాత, 2012లో, కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' వచ్చింది.

ఈ పుస్తకాన్ని అందరూ త్యాగమూర్తి ఆత్మకథగా చదివారు. నేను ఒక పార్ట్ టైమ్ గాయని ఆత్మకథగా చదవాలనుకుంటాను. 1918లో పామర్రులో పుట్టింది. బాల్యవివాహం, ఊహ తెలియకముందే వైధవ్యం, కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, పార్టీ. చిన్నప్పట్నుంచీ మంచి గొంతు. ప్రజా నాట్యమండలిలో పాడింది, నటించింది. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి రహస్య జీవితంలో తిరిగింది. ఆ తర్వాత భర్త ఆమెను వదిలేశాడు. ముప్పై దాటాక హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో మెట్రిక్ చదివి, కాకినాడలో పాలిటెక్నిక్ ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా చేరింది. కొడుకునూ కూతుర్నీ ఇద్దర్నీ పోగొట్టుకుంది. నూరేళ్ళు బతికి 2018లో విశాఖపట్నంలో కన్నుమూసింది.

పుస్తకం చదువుతుంటే నాకు తోచిందిది. పాట గురించి రాసినచోట 'మేము' ఎక్కువ. ఉద్యోగం గురించి రాసినచోట 'నేను' ఎక్కువ. పాట ఆమె సొంత ఆస్తి కాదు, ఉద్యమానిది. ప్రేమ కూడా అంతే. సంఘసంస్కరణగా, ఆదర్శంగా మొదలై, భర్త పోవడంతో ముగిసిపోయిన వ్యవహారం. తన కాళ్ళ మీద తాను సంపాదించుకున్నది ఆ మేట్రన్ ఉద్యోగం ఒక్కటే. మనం గొప్పగా చెప్పుకునే కళా, విప్లవమూ, ప్రేమా ఆమెకు ఇవ్వని 'నేను'ను ఒక చిన్న సర్కారు కొలువు ఇచ్చింది! దీన్ని పాట ఓడిపోవడంగా చూడటం నాకు ఇష్టం లేదు. తొంభై దాటాక ఆ పుస్తకంలో ఏ ఊతమూ లేకుండా, ఎవరి మీదా అరవకుండా వినబడే గొంతు ఉంది చూశారా, ఆ గొంతు వేదిక మీద ఎన్నడూ పాడనివ్వని పాట అదేనని నా నమ్మకం.

కొలువు పాటను చంపుతుందా, కాపాడుతుందా అన్నది అంత తేలిగ్గా తేలదు. 'డౌన్‌హార్టెడ్ బ్లూస్' కట్టినవాళ్ళలో ఒకరైన అల్బెర్టా హంటర్ 1950లలో పాట మానేసి, నర్సుగా ఇరవై ఏళ్ళు ఆసుపత్రిలో పని చేసింది. వయసు తగ్గించి చెప్పి చేరింది. డెబ్భై నిండాయని 1977లో పదవీ విరమణ చేయించారు, అప్పటికామెకు ఎనభై రెండు! ఆ ఏడే న్యూయార్కులో మళ్ళీ పాట మొదలుపెట్టి 1984లో పోయేదాకా పాడింది. ఎలిజబెత్ కాటెన్ సంగతి ఇంకా విచిత్రం. నార్త్ కరోలినాలో చిన్నపిల్లగా ఇళ్ళల్లో పాచిపని చేసి నెలకు డెబ్భై అయిదు సెంట్లు కూడబెట్టి గిటారు కొనుక్కుంది. పెళ్ళి, బిడ్డ, ఆ పాటలు దేవుడికి ఇష్టం లేదన్న చర్చి. దశాబ్దాలు గిటారు ముట్టలేదు. తర్వాత వాషింగ్టన్‌లో ఒక సంగీత కుటుంబంలో వంటపనికి కుదిరాక, గోడకున్న గిటారు తీసి వాయిస్తే గానీ ఆమెకు సంగీతం వచ్చని ఎవరికీ తెలియలేదు. మొదటి ఆల్బం 1958లో వచ్చేనాటికి అరవై దాటాయి.

ఈ కథను అందరూ ఇక్కడిదాకా చెప్పి సంతోషిస్తారు. నాకు ఆ ఇంటి యజమానురాలి మీద కూడా చూపు పోతుంది. రూత్ క్రాఫర్డ్ సీగర్ 1930లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ అందుకున్న స్వరకర్త, సంగీత రచనలో ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ. పెళ్ళయి పిల్లలు పుట్టాక పియానో పాఠాలు చెప్పి, జానపద గీతాలు సేకరించి ఇల్లు నడపడంలో పడి సొంత రచన దాదాపు ఆగిపోయింది. 1953లో పోయింది. ఒకే వంటింట్లో ఇద్దరు సంగీతకారిణులు, ఇద్దరికీ సొంత సంగీతానికి తీరిక లేదు. కానీ ఇద్దరిదీ ఒకే కష్టం అని కలిపేయకూడదు. ఒకరి చేతి వంట ఇంకొకరికి కాస్త వెసులుబాటు ఇచ్చింది. మన స్త్రీవాదంలో కూడా ఈ వంటిల్లు ఉంది. వ్యాసాలు రాసుకునే నాలాంటివాళ్ళ ఇళ్ళల్లో అంట్లు తోమే మనిషి గొంతు ఎలా ఉంటుందో మనలో ఎంతమందికి తెలుసు?

ప్రేమ దగ్గరికి వస్తే, కళలో జతగా నిలిచినవాళ్ళు లేకపోలేదు. కరవది వాడైన షేక్ చినమౌలానా గారి శిష్యులు మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు నాదస్వరంలో కలిసే ఎదిగారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఒక ముస్లిం స్త్రీ సభలో నాదస్వరం పట్టుకుని కూర్చోవడం చిన్న సంగతి కాదు.

మా అక్కకు అలా జరగలేదు. హార్మోనిస్టు ఆమెను పెళ్ళి చేసుకున్నాడు, వేషాలు మానెయ్యమన్నాడు. వేషం కట్టినందువల్లే పరిచయమైన మనిషి! ఏడేళ్ళు క్యాలెండరు మీద ఒట్టి గీతలే. చుక్కలు కూడా లేవు, మొగుడు ఇంట్లోనే ఉంటాడు గనక. తర్వాత కాంట్రాక్టరుకు చంద్రమతి దొరక్క, ఇంట్లో అప్పు పెరిగి, ఆయనే మళ్ళీ పొమ్మన్నాడు. "అవసరమొచ్చాక నా గొంతు మళ్ళీ మర్యాదస్తురాలైంది" అంది ఒకసారి, నవ్వుతూనే. ఆయన పోయి నాలుగేళ్ళయింది. నాటకాలూ తగ్గిపోయాయి. ఆమె ఇంకా గ్రేడింగుకు పోతూనే ఉంది.

మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు 'నిర్జన వారధి'లో కొన్ని పేజీలు చదివి వినిపించాను. తెల్లవారుజాము, ఆమె క్యారియరు సర్దుకుంటోంది. పార్టీ గురించి పెద్దగా పట్టించుకోలేదు. భర్త వదిలేసిన చోట "ఊఁ" అంది. హాస్టల్ దగ్గరికొచ్చేసరికి చేతిలో మూత అలాగే పట్టుకుని ఆగింది.

"ఆ ఆడపిల్లలంతా నిద్రపోయినాక, ఒక్కతే ఉన్నప్పుడు, పాడుకునేదంటనా?"

"నువ్వు పాడుకుంటావా అక్కా?"

"చంద్రమతి పద్యాలు రావు ఒంటరిగా ఉంటే. ఇంకేందో వస్తాది. పొగాకు ముందు కూర్చున్నప్పుడు కూడా వస్తాది. మేస్త్రీ అరుస్తాడని లోపల్లోపలే."

అదేందో పాడమన్నాను. వీధిలో ఆటో హారను కొట్టింది. గోడ మీది క్యాలెండరు దగ్గరికెళ్ళి ఆ రోజు గడిలో గీత గీసి, చెప్పులేసుకుని బయటికి పోయింది.