‘విడుదల’ అనే మాట

లోయిస్ లౌరీ 1993లో రాసిన ‘ది గివర్’ నవల ఒక పిల్లవాడు మాట కోసం వెతుక్కోవడంతో మొదలవుతుంది. డిసెంబరు దగ్గరపడుతోంది. పదకొండేళ్ళ జోనస్ మనసు నిలకడగా లేదు. ఇది భయమా? కాదు, ఏడాది క్రితం గుర్తు తెలియని విమానం ఊరి మీదుగా ఎగిరినప్పుడు కలిగింది భయం. ఇది వేరు. చివరికి తన స్థితికి సరిగ్గా సరిపోయే మాట దొరికాక కుదుటపడతాడు. ఆ తొలి పుటల్లోనే, దారి తప్పి వచ్చిన ఆ శిక్షణ పైలట్‌ను ‘విడుదల’ చేస్తారని లౌడ్‌స్పీకర్ చెప్పిన సంగతీ వస్తుంది. అది భయంకరమైన శిక్ష అని జోనస్‌కు తెలుసు. దాని అర్థమేమిటని మాత్రం వెతకడు.

అమెరికా బడుల్లో తరచుగా చదివించే ఈ నవలను సాధారణంగా జ్ఞాపకాలు, రంగులు, స్వేచ్ఛ పోగొట్టుకున్న సమాజపు కథగా పరిచయం చేస్తారు. అది నిజమే. కానీ అంతకన్నా పదునైన విషయం భాష దగ్గర ఉంది. ఆ ఊళ్ళో మాట కచ్చితంగా వాడాలన్నది కఠిన నియమం. మూడేళ్ళ ఆషర్ తినుబండారం అడగబోయి, దెబ్బ అనే అర్థం వచ్చే మాట అన్నాడు. అన్నప్పుడల్లా బెత్తం దెబ్బ తిన్నాడు. కొంతకాలం అసలు మాట్లాడటమే మానేశాడు. ఏళ్ళ తరవాత ఈ సంగతిని పెద్దావిడ నిండు సభలో హాస్యంగా చెబితే అందరూ నవ్వుతారు. నవల మొత్తంలో ఇంత చల్లని క్రూరత్వం మరో చోట ఉంటే, అది ‘విడుదల’ దృశ్యంలోనే. తల్లిదండ్రులను తనమీద ప్రేమ ఉందా అని జోనస్ అడిగినప్పుడు కూడా వచ్చేది మందలింపే: ఆ మాటకు కచ్చితమైన అర్థం లేదట.

ఇంత నిక్కచ్చి సమాజంలో అన్నిటికన్నా మసకగా ఉన్న మాట ‘విడుదల’. జోనస్ తండ్రి పసిపిల్లల సంరక్షకుడు. కవల శిశువులను తూచి, బరువు తక్కువైనవాడికి నుదుటి నరంలో సూది గుచ్చి, పెట్టెలో పెట్టి గొట్టంలోకి జార్చి, ముద్దుగా వీడ్కోలు చెబుతాడు. వీడియోలో అది చూసిన జోనస్‌కు చావంటే ఏమిటో అప్పటికే తెలుసు. యుద్ధపు జ్ఞాపకంలో చూశాడు. కనుక తండ్రి చేసిన పనికి అసలు పేరు పెట్టగలుగుతాడు.

అశుభం పలకకపోవడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. బియ్యం నిండుకున్నాయంటారు, దీపం కొండెక్కిందంటారు, పెద్దలు కాలం చేశారంటారు. అయితే ఇక్కడ అనేవారికీ వినేవారికీ అసలు సంగతి తెలుసు. మాట దుఃఖాన్ని కాస్త కప్పుతుందే తప్ప చెరిపెయ్యదు. లౌరీ చూపించిన ఊళ్ళో కప్పడానికి దుఃఖమే లేదు. వాళ్ళకేమీ తెలియదని గివర్ అంటాడు.

నవలలోని బలహీనత కూడా అక్కడే ఉంది. స్వయంగా సూది గుచ్చిన చెయ్యికి ‘తెలియదు’ అన్న మాట సరిపోతుందా? ఈ ప్రశ్నను రచయిత్రి తొందరగా దాటేశారు. జోనస్ సరిహద్దు దాటితే జ్ఞాపకాలన్నీ ఊరివాళ్ళకు తిరిగి చేరతాయన్న ఏర్పాటు కూడా కథకు అనుకూలంగా ఉందే గాని, ఎలా జరుగుతుందో తెలియదు. జోనస్‌కు ఇచ్చిన సూచనల్లో చివరిది, అబద్ధమాడవచ్చునన్నది, వీటన్నిటికన్నా గట్టి కల్పన. ఇదే అనుమతి పెద్దలందరికీ ఉందేమోనని అతనికి అనుమానం వస్తుంది. అడగవచ్చు. జవాబు నిజమో కాదో తెలుసుకునే దారే లేదు.

నాలుగేళ్ళప్పుడు భోజనానికి ముందు, ఆకలితో చచ్చిపోతున్నానన్నందుకు జోనస్‌ను పక్కకు పిలిచి పాఠం చెప్పారు: ఈ ఊళ్ళో ఎవరూ అలా మాడలేదు, మాడరు, ఆ మాట అబద్ధం. పసివాడు గేబ్రియల్‌ను వెంటబెట్టుకుని పారిపోతూ, తిండి దొరకని కొండదారిలో, జోనస్‌కు ఆ పాఠం గుర్తొస్తుంది. ఇప్పుడు ఆ మాట కచ్చితంగా సరిపోయింది.