కొలత పరికరముగా సెల్‌ఫోను

విద్యార్థుల సెల్‌ఫోనులను బడిలోనికి రానీయవచ్చునా అన్న వాదము ఇంకను తెగలేదు. ఫ్రాన్సు దేశము 2018లో చట్టము చేసి సుమారు పదిహేనేండ్ల వయసు వరకు చదివే పాఠశాలలలో వాటి వాడుకను నిషేధించినది. బోధనకు అవసరమైన సందర్భములను మాత్రము మినహాయించినది. చదువుకు స్పష్టముగా తోడ్పడినప్పుడే ఫోనును తరగతిలో వాడవలెనని యునెస్కో 2023లో సూచించినది. విచిత్రమేమనగా, ఈ వాదములో ఇరుపక్షములవారును ఫోనును ఒక చిన్న టెలివిజను పెట్టెగానే చూచుచున్నారు. అందులో పాఠములు చూడవచ్చునని ఒకరు, పిల్లలు పాఠములు మాని ఆటలు చూతురని మరొకరు. అందులో చెవి వంటి మైకు కలదని, త్వరణమును, అయస్కాంత క్షేత్రమును, వెలుతురును కొలిచే సూక్ష్మ పరికరములు కలవని తలచువారు అరుదు.

ఆ తలపును కార్యరూపమున పెట్టినది ఫైఫాక్స్ అనే ఉచిత ఆప్. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞులు దీనిని 2016లో విడుదల చేసిరి. ఇది పాఠము చెప్పదు, కొలిచి చూపును. మన ఉన్నత పాఠశాలలకు ఇది ఎంతవరకు పనికివచ్చునో చూతము.

ధ్వని వేగమునే తీసికొందము. సెకండునకు మూడువందల మీటర్లకు పైగా పోయే ధ్వనిని తరగతి గదిలో కొలుచుట ఎట్లు? చేతి గడియారముతో సాధ్యము కాదు. చప్పుడు విని మీట నొక్కుటకే మనకు సెకండులో అయిదవ వంతు పట్టును. 1738లో పారిస్ విజ్ఞాన పరిషత్తువారు ఇందుకొరకు ఫిరంగులు ప్రేల్పించి, ఎంతో దూరమున నిలిచి, మంట కనబడిన తరువాత మ్రోత వినబడుటకు పట్టిన కాలమును లెక్కించిరి. మన బడులకు ఫిరంగులు ఎక్కడివి?

ఫైఫాక్స్‌లో చప్పుడుతో నడిచే గడియారము కలదు. మొదటి చప్పుడుకు అది బయలుదేరును, రెండవ చప్పుడుకు ఆగును. రెండు ఫోనులను అయిదు మీటర్ల ఎడముగా ఉంచి, ఒక్కొక్కదాని ప్రక్కన ఒక విద్యార్థిని నిలుపవలెను. మొదటి విద్యార్థి చప్పట చరచగానే దగ్గరి ఫోను బయలుదేరును. ధ్వని అయిదు మీటర్లు పోయిన తరువాత గాని రెండవ ఫోను బయలుదేరదు. కొంతసేపటికి రెండవ విద్యార్థి చప్పట చరచవలెను. ఈసారి రెండవ ఫోను వెంటనే ఆగును, మొదటిది ఆలస్యముగా ఆగును. అనగా మొదటిది ముందు బయలుదేరి వెనుక ఆగినది, రెండవది వెనుక బయలుదేరి ముందు ఆగినది. ఆ రెండు కాలముల భేదమే ధ్వని పది మీటర్లు పోవుటకు పట్టిన కాలము. అది సెకండులో ఇంచుమించు 29 వేయవవంతులు ఉండును. రెండు గడియారములను ముందుగా సరిపెట్టుకొనవలసిన పనియే లేదు! ఇంత సొగసైన తర్కము ఎనిమిదవ తరగతి విద్యార్థికి కూడ అందుబాటులో ఉన్నది. ఒక వేయవవంతు పొరపడినచో వేగములో పన్నెండు మీటర్ల తేడా వచ్చును గనుక పలుమార్లు చేసి సగటు తీయవలెను. వచ్చిన ఫలితము 348 అయినచో, పుస్తకములో 331 ఉన్నదేమని పిల్లలు అడుగుదురు. ఆ అంకె సున్న డిగ్రీల గాలికి చెల్లును. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినకొలది వేగము 0.6 మీటరు చొప్పున పెరుగును. మన ఊళ్ళ గాలి వేడియే ఆ తేడాకు కారణము.

ఇక లోలకము సంగతి వేరు. ఫోనునే గుండుగా వ్రేలాడదీసి ఊపుమని, పొడవును నమోదు చేసినచో గురుత్వ త్వరణమును తానే చెప్పెదనని ఈ ఆప్ అనును. ఇది నాకు నచ్చలేదు. మీటరు పొడవుగల దారమునకు రాయి కట్టి ఇరువది డోలనములు లెక్కించినచో నలుబది సెకండులు పట్టును. అందులో అయిదవ వంతు సెకండు పొరపాటు అర శాతమే. ఫోను కాలమును ఇంతకంటె సున్నితముగా కొలుచును, నిజమే. కాని లోలకపు పొడవును ఫోను గరిమనాభి వరకు కొలువవలెను. ఆ పలక లోపల ఆ బిందువు ఎక్కడ ఉన్నదో కంటికి కనబడదు. పొడవులో రెండు సెంటీమీటర్లు పొరపడినచో ఫలితములో రెండు శాతము పోయినట్లే. కాలములో సంపాదించిన సూక్ష్మతను పొడవులో పోగొట్టుకొనుటకు వేలరూపాయల వస్తువును దారమునకు వ్రేలాడదీయవలెనా? పైగా ఈ ప్రయోగమునకు గైరోస్కోపు కావలెను. చవక ఫోనులలో అనేకములకు అది ఉండదు. దారమును, రాయిని వెదకి తెచ్చిన పిల్లవాడు తాను ఏమి కొలుచుచున్నాడో ఎరుగును, తెరమీద 9.8 అని చదివినవాడు ఎరుగడు.

త్వరణమాపకము విషయములో ఈ చిక్కు ఇంకను లోతైనది. బల్లమీద కదలక ఉన్న ఫోను 9.8 అని చూపును. మెత్తని పరుపుమీదికి జారవిడిచినచో పడుచున్నంతసేపు సున్నకు దగ్గరగా చూపును. పుస్తకము చెప్పునది సరిగా దీనికి తలక్రిందులు! లోపల సన్నని సిలికాన్ స్ప్రింగులకు తగిలించిన ఒక సూక్ష్మమైన ముద్ద ఉన్నది. అది తన చట్రములో ఎంత జరిగినదో పరికరము కొలుచును, అంతే. బల్లమీద ముద్ద తన బరువుచే క్రుంగును. పడునప్పుడు చట్రమును ముద్దయు కలిసి పడును గనుక క్రుంగదు. పడువానికి తన బరువు తెలియదని 1907లో ఐన్‌స్టీనుకు తట్టిన ఆలోచన ఇదే. ఈ ఆప్‌లో గురుత్వమును తీసివేసి చూపే మరొక కొలత కలదు. బల్లమీద అది ఇంచుమించు సున్న చూపును గనుక ఉపాధ్యాయులకు అదియే సుఖముగా తోచును. కాని అది కొలిచిన అంకె కాదు, లెక్కకట్టిన అంకె. మొదటి కొలతనే చూపి, పిల్లలు "ఇదేమి?" అని అడిగిన గంట వృథా కాదు.

మరి ఈ ఫోనులు ఎవరివి? పిల్లలందరిని తెచ్చుకొమ్మనుట అన్యాయము. చాల ఇండ్లలో ఒకే ఫోను ఉండును, అదియు తండ్రితోనో తల్లితోనో పనికి పోవును. అది 2020లో బడులు మూతపడినప్పుడు అందరము చూచినదే. పైన చెప్పిన ప్రయోగములకు తరగతికి రెండు ఫోనులు చాలును. అవి ఉపాధ్యాయులవే కావచ్చును. కొలిచిన అంకెలను నల్లబల్లమీద వ్రాసి, తీసివేతలు, సగటులు పిల్లలచేతనే చేయింపవలెను. చప్పుడు గడియారము ఫంకా రొదకు కూడ బయలుదేరును గనుక శబ్దపు హద్దును ముందుగా సరిచేసికొని, ఉదయము గంట కొట్టకముందే ఒకసారి చేసి చూచుట మేలు. ఆప్‌ను ఒకసారి దించుకొన్న తరువాత కొలతలకు ఇంటర్నెట్టు అక్కరలేదు. విమానములో పెట్టుకొను స్థితిలో ఫోనును ఉంచినచో నడుమ ఎవరి పిలుపును రాదు.